గోడకంటిన పొడి

పోర్తో ఊరి చివర, నేల కింది అంతస్తులో
మా గాలి సొరంగం.
అందులో నిలబడి ఉంటాడు
నడుము దాకా మాత్రమే ఉన్న మనిషి.
ఎర్మెలిందా అతన్ని పెద్దాయన అంటుంది.
ఫైబరు ఒళ్ళు, ఉక్కు పెదవులు,
నిమిషానికి ఇరవై లీటర్ల ఊపిరి.
పీల్చడమే. వదలడం ఎవరూ నేర్పలేదు.

కాలరు పక్కన బిళ్ళంత డబ్బా.
దానికో రంధ్రం, పెసరగింజ పట్టేంత.
నడుముకి పంపు, తుమ్మెద రొద.
అడిగేది ఒక్కటే:
పెద్దాయన నోట్లోకి గాలిలోంచి ఎంత పోయిందో
డబ్బా నోట్లోకీ అంతే పోయిందా?

నేను పైనుంచి తెల్లపొడి వదులుతాను.
సన్నపొడి చెప్పిన మాట వింటుంది,
గాలి ఎటు తిరిగితే అటు.
లావుపొడిది మొండితనం.
వంపు దగ్గర తిరగమంటే తిరగదు,
నేరుగా పోయి రంధ్రం అంచుకి తల కొట్టుకుంటుంది.
పెద్దాయన మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉంటాడు,
గాలికి ఒకసారి ముఖం, ఒకసారి వీపు,
పనిలో ఉన్న మనిషిలాగే.

తర్వాత త్రాసు గది.
తలుపు మూసి, మాట ఆపి,
ఆరో దశాంశం నిలబడేదాకా కూర్చుంటాను.
ఖాళీ ఫిల్టర్లు కూడా తూస్తాం.
ఏమీ పట్టనిదాని బరువు తెలియకపోతే
పట్టినదాన్ని నమ్మేదెలా?

అన్నీ తూశాక, మార్చిలో ఒక బుధవారం,
కడగడానికి డబ్బా విప్పాను.
లోపలి గోడకి మంచు పట్టినట్టు పొడి.
రంధ్రం దాటింది, ఫిల్టరు దాకా రాలేదు,
మధ్యలో చతికిలబడింది.
ఇన్నేళ్ళూ దాన్ని పంపు కిందే కడిగేశాం.
ఆ రోజు తడి దూదితో తుడిచి తూశాను.
మొత్తంలో మూడో వంతు.
గడప దాటి లోపలికొచ్చినవాణ్ణి
భోజనాల బంతికి రాలేదని
ఇంటికే రాలేదంటే ఎలా?

అప్పుడు గుర్తొచ్చాడు బెల్మీరు.

ఫెయిరా వైపు, ఓక్ చెట్ల బెరడు
బిరడాలయ్యే చోట
పందొమ్మిదేళ్ళు యంత్రం ముందు నిలబడ్డాడు.
గోధుమరంగు దుమ్ము, కనురెప్పల మీద కూడా.
నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు.
అతని కాలరుకి డబ్బా తగిలించింది నేనే.
"నీ డబ్బా నోరు చిన్నదమ్మాయ్,
నా ముక్కు చూడు ఎంతుందో" అన్నాడు.
అందరం నవ్వాం. అతని ముక్కు నిజంగానే పెద్దది.
నేను పెన్సిలుతో రాసుకున్నది
పంపు ఎన్నింటికి మొదలైందో, అంతే.

నాలుగేళ్ళలో నాలుగు కాగితాలు.
నాలుగింటి మీదా నా సంతకం,
పరిమితికి లోబడి, అని.
ఊపిరితిత్తుల డాక్టరు రాసిచ్చిన చీటీని
ఆ నాలుగు కాగితాలే వెనక్కి పంపాయి.

బీరువాలోంచి పాత అంకెలు తీశాను.
ఒకటిన్నరతో హెచ్చవేశాను.
బెరడు దుమ్ము తెల్లపొడి కాదు,
గోడకి అంటే తీరు వేరుగా ఉండొచ్చు,
ఆ మాట కూడా కింద రాశాను.
రెండు అంకెలు హద్దు దాటాయి.
రెండు దాటలేదు.
దాటనివాటిని చూసి కాసేపు కోపమొచ్చింది,
వాటినీ అలాగే రాశాను.
ఎర్మెలిందా చదివి, కళ్ళజోడు తీసి,
"ఎవరికి పంపుతున్నావు?" అంది.
"ఆఫీసుకి. ఇంకొకటి అతనికి."
"అతనికి అంకెలు అర్థమవుతాయా?"
ముక్కు సంగతి ముందు చెప్పింది అతనే, అన్నాను.

ఫోను చేస్తే హలో కన్నా ముందు దగ్గు వచ్చింది.
నా పేరు చెప్పాను. గుర్తు రాలేదు.
డబ్బా అన్నాను.
"ఓ, చిన్న నోరు" అన్నాడు,
మళ్ళీ దగ్గు, నేను ఆగాను,
పంపు ఆపితే గాలి సద్దుమణిగేదాకా ఆగినట్టు.

సాయంత్రం సొరంగం ఆపేసి
పెద్దాయన పెదవులు తుడుస్తున్నాను.
లోపలికి పోనిది, కింద రాలనిది,
అంచున మిగిలింది.
దూదిని సీసాలో వేసి మూత పెట్టాను.
తేదీ రాశాను.
ఇదీ తూయాలి.